మందు రాకముందే సాక్ష్యం

బాపట్ల కాలేజీలో పిల్లలకు జువాలజీ చెప్పుకుని బతికేవాణ్ణి. పాఠం చెప్పడం తప్ప నాకింకేమీ రాదు. అందుకే మా ఆవిడకు ఎముకల మజ్జలో క్యాన్సర్ అని తేలి, వాడిన మందులన్నీ ఒక్కొక్కటిగా పనిచేయడం మానేశాక, తెనాలిలో మా వంటింటి గడప మీద కూర్చుని ఆమెకు పాఠమే చెప్పాను.

కణంలో తయారైన ప్రోటీన్ బయటికి పోవాలంటే ముందు ఒక పొరలోని సన్నని దారిలో దూరాలి. కొన్ని చిన్న అణువులు వెళ్లి ఆ దారిలో ఇరుక్కుంటాయి, తూములో గడ్డిచుట్ట ఇరుక్కున్నట్టు. ఇక ఆ దారి తలుపు తెరుచుకోదు. మజ్జలో చెడిపోయిన కణాలు పనికిమాలిన ప్రోటీన్‌ను అదే పనిగా తయారుచేస్తుంటాయి కాబట్టి, దారి మూస్తే ముందు ఉక్కిరిబిక్కిరై చచ్చేవి అవే. ఇంతవరకూ హుషారుగా చెప్పాను. మిగతాదీ దాచలేదు. లివర్‌కూ, క్లోమానికీ, ఒంట్లో ప్రతి మంచి కణానికీ ఉన్నది ఆ దారే. అన్నీ మూసుకుపోతే మనిషే మిగలడు. చెడ్డవాటిని మాత్రమే చంపే అణువు కోసం ఇంకా ల్యాబుల్లో, గాజు పళ్లేల్లోనే వెతుకుతున్నారు. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అంతా విని తలూపింది.

ఆ ఆదివారం ఆమె పుట్టిల్లు రేపల్లె వెళ్లాం. చర్చిలో, దేవుడు చేసిన మేళ్లను లేచి నిలబడి చెప్పుకునే సాక్ష్యాల వేళకు ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ లేచింది. నిలబడటానికి బెంచీ పట్టుకోవాల్సి వచ్చింది.

"మా ఆయన నా జబ్బుకి మందు కనుక్కున్నారండి. చెడ్డ కణాల తలుపు మూసేసుద్దంట. దేవుడికి స్తోత్రం."

చర్చి అంతా "స్తోత్రం" అంది. మగవాళ్ల వైపు కూర్చున్న నేను తల దించుకున్నాను. సగం పాఠం విని పరీక్షకు వచ్చే పిల్లల్ని ఎంతమందినో తిట్టాను. ఈవిడనేమనను?

ఆరాధన అయ్యాక పెనుమూడి నుంచి వచ్చిన ఒకావిడ మెట్ల దగ్గర నా చేతులు పట్టేసుకుంది.

"అన్నయ్యగారూ, మా ఆయనదీ అదే జబ్బండి. ఆ మందు ఎక్కడ దొరుకుద్దో చెప్పండి, ఎంత దూరమైనా పోతాం."

మా ఆవిడ పక్కనే ఉంది. అబద్ధమాడితే ఆ తల్లి లేని మందు కోసం ఊరూరా తిరుగుతుంది. నిజం చెబితే నా భార్యకున్న ఒక్క ఆశనూ నా నోటితో నేనే తీసేయాలి. నన్నీ మెట్ల మీద నిలబెట్టిన దేవుడి మీద పిచ్చి కోపం వచ్చింది.

"అది ఇంకా మనుషుల దాకా రాలేదమ్మా," అన్నాను. "ఎప్పటికొస్తుందో తెలీదు."

ఆవిడ నా చేతులు వదిలేసింది. మా ఆవిడ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

తెనాలి రైల్లో వేమూరు దాటాం. అప్పుడు నేనే, "నువ్వు సగమే విన్నావు," అన్నాను.

"మొత్తం విన్నానండి. అర్థమైంది కూడా."

"మరి అందరి ముందూ అలా ఎందుకు చెప్పావు?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"అంతమందిలో దేవుడికి ముందే స్తోత్రం చెప్పేస్తే, ఇవ్వకపోడానికి ఆయనకే మొహమాటంగా ఉంటుందనండి."