అద్దెకు బదులు వాష్‌బేసిన్లు

2008 వానాకాలంలో పలాసలో నాకు ఒక కొట్టు, సగం ఇల్లు ఉండేవి. రెండూ అప్పు మీదే లేచాయి. కొట్టు అద్దెకు తీసుకున్న జలంత్రకోట మనిషి టైల్స్, కొళాయిలు, వాష్‌బేసిన్లు అమ్మేవాడు. అతడిచ్చే రెండువేల అయిదువందలకు నా జీతంలోంచి ఆరువందలు కలిపి, ప్రతి నెలా అయిదో తేదీన కొట్టు అప్పు వాయిదా కట్టేవాణ్ణి.

ఆ ఏడు జీడిపిక్కల ధర పడిపోయింది. ఇళ్ల కోసం అప్పు చేసినవారు వాయిదాలు తప్పారు. బ్యాంకువారు బెదిరి, కట్టడంలో ఉన్న ఇళ్లన్నింటికీ మిగతా సొమ్ము నిలిపివేశారు. ఒక్క వాయిదా తప్పని నా ఇల్లూ శ్లాబు దగ్గరే ఆగింది. ఇళ్ల గొడవకూ కొట్టుకూ సంబంధమేమిటని నేను నిబ్బరంగానే ఉన్నాను. రెండు నెలలు అద్దె రాకపోయేసరికి అడగడానికి వెళ్లాను.

అతడు కుర్చీ తుడిచి వేశాడు.

"నీ ఇల్లే శ్లాబు కాడ ఆగిపోనాది మావా. ఇంక నా టైల్స్ ఎవులు కొంతారు?"

కొట్టు ఖాళీ చేస్తానన్నాడు. ఆ వీధిలో అప్పటికే నాలుగు షట్టర్లకు 'అద్దెకు' బోర్డులు వేలాడుతున్నాయి. అయిదోది నాది కాకూడదని బతిమాలాను. అప్పుడతడు మా ఉద్దానం కొబ్బరితోటల న్యాయం ఎత్తాడు.

"తోట కౌలు కొబ్బరికాయల్లో కడతాం గదా. కొట్టు అద్దె బేసిన్లల్లో కడితే తప్పేటి?"

మా నాన్నగారు కౌలు ఎప్పుడూ కాయల్లోనే తీసుకున్నారు కనుక నాకూ తప్పు కనిపించలేదు. బ్యాంకువారు కమోడు జమ చేసుకోరన్న సంగతి సామాను దిగాకనే తోచింది. ఇక వాయిదా మొత్తం నా జీతంలోంచే పోయింది. చేపల పులుసు ఏదని మా ఆవిడను అడిగితే, "బేసిన్లున్నాయి, వండీమంటారా?" అంది.

సామాను ఊరికే పడి ఉండటం సహించక, స్నానాలగది ఒక్కటీ పూర్తి చేయించాను. మిగతా గదులకు తలుపులైనా లేని ఆ ఇంట్లో అదొక్కటే మెరిసేది. రోజూ సాయంత్రం వెళ్లి అక్కడే స్నానం చేసేవాణ్ణి.

ఒకనాడు ఒళ్లంతా సబ్బుతో ఉండగా బయట అతడి గొంతు వినిపించింది.

"మావా, ఓపాలి తలుపు తియ్యి. సోంపేట పెద్దాయనికి కొళాయి సూపించాల."

ఆ పెద్దాయన పాత ఇంటికి కొత్త స్నానాలగది కట్టించుకోదలచాడట. కొబ్బరి డబ్బు చేతిలో ఉంది, బ్యాంకుతో పనిలేదు. తువ్వాలు చుట్టుకుని తలుపు తీశాను. ఆయన నా వంక చూడనైనా చూడకుండా గోడను తట్టి, నీళ్లు జోరుగా వస్తాయా అని అడిగాడు. మూతపడబోయే షట్టరు కళ్లముందు కదలగా కొళాయి నేనే తిప్పి చూపించాను. బేరం అక్కడే కుదిరింది.

ఆ నెల అద్దె నోట్లలో వచ్చింది. తరువాతి ఆదివారం మరో ముగ్గురు వచ్చారు. వారు వచ్చేసరికి నేను లుంగీ, చొక్కా వేసుకుని స్నానాలగది గుమ్మంలో నిలబడి ఉన్నాను.