సత్యవతి టీచర్ పట్టుకున్న మైకు

మొన్న మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని తన పాట రికార్డు చేసుకుంటూ, "అమ్మా, ఇదొక్కసారి విను" అని ఇయర్‌ఫోన్లు నా చెవులకు తగిలించింది. పాట వెనక గుయ్యిమని సన్నటి రొద. అది వినగానే నాకు మట్టెవాడ, ఎండాకాలం, సత్యవతి టీచర్ తిట్లు గుర్తుకొచ్చాయి. తిట్లే ముందు గుర్తుకొచ్చాయి, అబద్ధమెందుకు.

ఎనభైల మొదట్లో నేను మట్టెవాడలో ఒక బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. సత్యవతి టీచర్ అక్కడే లెక్కలు చెప్పేది, మా పక్కింట్లో ఉండేది. మనిషి పొట్టి, నోరు పెద్దది. ఆమెకొక టేప్ రికార్డర్ ఉండేది. దాన్ని పసిపిల్లలా గుడ్డలో చుట్టి దాచేది, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ వేసవిలో పరకాల దగ్గరి మా ఊరి నుంచి నాయినమ్మను గొంతు ఆపరేషన్ కోసం మా ఇంటికి తీసుకొచ్చారు. ప్రాణానికి భయం లేదు గానీ, మాట మళ్లీ వస్తుందని చెప్పలేమన్నాడు డాక్టర్. నేను ఆమె పాటలు వింటూ పెరిగిన దాన్ని. దవాఖానలో చేర్చేలోగా ఒక్క పాటైనా పట్టి ఉంచుకోవాలని టీచర్‌ను బతిమాలాను. అడిగిందే తడవుగా గుడ్డ మూటతో వచ్చింది.

నాయినమ్మ చేత ఒక మాట పలికించి, టేపులో పట్టి విన్నాం. మాట కంటే రొద ఎక్కువగా ఉంది. నేను కంగారుపడి ఫ్యాను, ట్యూబులైటు, రేడియో అన్నీ ఆపేశాను. మళ్లీ పట్టి వింటే రొద లేదు.

"పోయింది టీచర్!" అన్నాను సంబరంగా.

"పోయింది సరే, దేంతోటి పోయింది?"

ఫ్యానే అయ్యుంటుందని పైకి చెయ్యి చూపించాను.

"ఫ్యాన్ బంద్ చేసి ఈ ఎండల ముసలామెను ఉడకబెడ్తవా? అన్నీ మళ్ల వెయ్యి. ఒక్కొక్కటే బంద్ చేస్కుంట రా."

రేడియో ఆపినా రొద పోలేదు. ఫ్యాను ఆపినా పోలేదు. ట్యూబులైటు ఆపగానే పోయింది. "పాపం, ఫ్యాన్‌ది ఏం తప్పు లేదు" అంటూ టీచర్ మళ్లీ ఫ్యాను వేసి, దాన్ని నాయినమ్మ వైపు తిప్పింది.

ఇక పాట. నాయినమ్మ ఎత్తుకుంది, రెండో చరణంలో ఆగింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. "నోట్లెనే ఉన్నది బిడ్డా, వస్తలేదు" అని కళ్లు తుడుచుకుంది. ఇక ఇంతే అనుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

టీచర్ మాత్రం నాయినమ్మ ఒళ్లో ఊరికే పడి ఉన్న చేతుల వైపు చూస్తోంది. "అవ్వా, ఈ పాట ఎప్పుడు పాడుతుంటివి?"

"ఎప్పుడేంది, ఇసిరేటప్పుడు."

"మరి ఉత్త చేతులతోటి పాడుమంటే ఎట్ల పాడ్తది?" అని టీచర్ నా మీద విరుచుకుపడింది, ఆ ఇసుర్రాయిని నేనేదో దాచిపెట్టినట్టు.

టీచర్ వాళ్లింటి ఇసుర్రాయిని ఇద్దరం మోసుకొచ్చాం. కింద బొంత మడిచి వేసి, రాతిలో గుప్పెడు పెసలు పోసింది టీచర్. నాయినమ్మ తిప్పడం మొదలుపెట్టగానే గది నిండా గరగర.

"ఇంత చప్పుడా టీచర్? సన్న రొదకే అంత తిట్టినరు కదా!"

"అది తీసినా పాట ఉన్నది. ఇది తీస్తే పాటనే పోయింది. జర చూసి మాట్లాడు."

గొంతు రాతి చప్పుడులో మునిగిపోకుండా, టీచర్ నడుం వంచి మైకును నాయినమ్మ గడ్డం దగ్గర పట్టుకుని నిలబడింది. పాట పూర్తయ్యే దాకా కదల్లేదు. ఒక్క చరణం తప్పకుండా మొత్తం వచ్చింది. మర్నాటి నుంచి వారం పాటు ఆమె నడుం నొప్పికి కారణం నేనేనని వీధంతా విన్నది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మాట మాత్రం తిరిగి రాలేదు. నాయినమ్మ ఇంటికొచ్చాక టేపు పెట్టాం. ఆమె పెదవులు కదల్లేదు. కుడి చెయ్యి మాత్రం మోకాలి మీద పాటతో పాటు గుండ్రంగా తిరిగింది. టీచర్ మొహం అటు తిప్పుకుని, "ఎంతసేపు కూసుంటవ్, లేచి చాయ్ పెట్టు" అని నా మీద అరిచింది.

మా అమ్మాయి గదిలోనూ అన్నీ ఒక్కొక్కటే ఆపించాను. టేబులు లైటు దొంగ అని తేలింది. ఏదైనా తీసేసే ముందు దాంతో ఏం పోతుందో చూసుకోవడం ఆ టీచర్ తిట్లతో అబ్బిన అలవాటు. అమ్మాయికి హుషారొచ్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచిన నాయినమ్మ పాట కూడా పెట్టింది.

"ఈ గరగర తీసేస్తే గొంతు ఇంకా మంచిగ వినిపిస్తది. తియ్యనా అమ్మా?"

"వద్దు బిడ్డా" అన్నాను. "అది మా నాయినమ్మ చెయ్యి."