గిన్నెలా లేచిన పువ్వు

సహోదరీ సహోదరులారా, మీ చేతి పనిని చూసి మీ ప్రాణం ఎలా ఉందని అడిగిన మనిషి మీకు ఒక్కరైనా ఉన్నారా? నాకు ఒకరున్నారు. ఆమె వల్లే ఈ పూట మీ ముందు నిలబడ్డాను. ఇంకా అలసటగానే ఉంది, అయినా నిలబడ్డాను, దేవునికే మహిమ.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా పేటలో ఆడవాళ్లం లేసు అల్లుతాం. ఎవరి అరుగు మీద వాళ్లం దారంతో పువ్వులు అల్లి ఇస్తే, అతుకు పని చేసే కాంతమ్మత్త వాటిని కలిపి దుప్పటి చేస్తుంది. నా భర్త పోయాక నాకు మనసు జబ్బు చేసింది. నిద్ర లేదు, ఆకలి లేదు, కూతురు పిలిచినా పలకాలనిపించేది కాదు. భీమవరంలో డాక్టరు గారు మాత్రలిచ్చారు, కొంచెం తేరుకున్నాను. అంతలో ఊరికి వచ్చిన ఒక ప్రసంగీకుడు, మాత్ర మింగడమంటే దేవుణ్ణి అనుమానించడమేనన్నాడు. నమ్మి మానేశాను. ఆయన కళ్లజోడు లేకుండా వాక్యం చదవలేడు. ఆ కళ్లజోడు అనుమానం కాదా అని ఆయన్ను ఒక్కరూ అడగలేదు.

మళ్లీ చీకటి కమ్మింది. కొందరు దయ్యమన్నారు, కొందరు నా ఉపవాసం చాలలేదన్నారు, నాకేమో రోజూ కాలవ వైపు వెళ్లిపోవాలనిపించేది. "ప్రభువా, నన్ను తీసుకుపో, లేదంటే ఎవరినైనా పంపు, ఇంతకంటే అడిగే ఓపిక లేదు" అన్నాను. అదే నా ప్రార్థన.

ఒక మధ్యాహ్నం కాంతమ్మత్త నా పువ్వులు కొంగులో వేసుకుని వచ్చింది.

"ఏమే రూతూ, ఏంటే ఇవి? బల్ల మీద పెడితే గిన్నెల్లా లేస్తున్నాయి. పెరుగు తోడెట్టుకోమంటావా?"

"దారం గట్టిదత్తా."

"దారం అందరికీ ఒకటే. బిగిసింది నీ చెయ్యి. నీ పువ్వు నాకు తెలీదా, చాపలా పరుచుకునేది. మందులేసుకుంటున్నావా?"

నేను తల వంచుకుని దారం ఉండ చుట్టసాగాను.

"మానేశావన్నమాట. లే, మొహం కడుక్కో, ఆసుపత్రికెళ్దాం."

"ప్రార్థన చేస్తున్నానత్తా."

"బస్సులో చేద్దువుగాని. నేనూ చేస్తాను."

దారం బిగించి లాగితే పువ్వు అంచు ముడుచుకుని పైకి లేస్తుంది. ఇంకొకరైతే తడిపి, సాగదీసి, ఇస్త్రీ పెట్టి కుట్టేసేవారు, దుప్పటి పూర్తయ్యేది, నేను పోయేదాన్ని. ఆమెకు పని మీద ఎంత ప్రేమంటే, పువ్వు ఎందుకు ముడుచుకుందో తెలిసేదాకా సూది పట్టదు.

ఇందులో అద్భుతం ఎక్కడుందంటారేమో. అడగండి, అడగడం పాపం కాదు. ఎవరినైనా పంపమన్నాను, దేవుడు పంపాడు. ఆకాశం చీల్చి పంపలేదు, చేస్తున్న పనిని కళ్లారా చూసే ఒక మనిషిని పక్క వీధిలోంచి నడిపించుకొచ్చాడు. డాక్టరు గారు గట్టిగా కోప్పడి మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. మర్నాడే లేచి గంతులేశానంటే అబద్ధమవుతుంది. మెల్లగా నిద్ర వచ్చింది, మెల్లగా కూతురితో మాట్లాడాను, కొన్ని రోజులు ఇప్పటికీ బరువుగానే తెల్లవారతాయి.

ఇప్పుడు ఆమె దగ్గర అతుకు పని నేర్చుకుంటున్నాను. ఆమెను చూసి మా పేటలో ఆడవాళ్లు కూడా పువ్వులు లెక్కపెట్టి ఊరుకోవడం లేదు, తిప్పి చూస్తున్నారు, అల్లిన మనిషిని పలకరిస్తున్నారు. ఆమె ఎవరికీ ప్రసంగం చేయలేదు, తన పని తాను చేసింది, అంతే.

మీలో ఎవరైనా విశ్వాసం పేరు చెప్పి మందులు మానేసి ఉంటే, సాక్ష్యం బాగుందని మెచ్చుకుని ఇంటికి వెళ్లిపోకండి. మిమ్మల్ని బతికించాలని ఉన్న దేవుణ్ణి నమ్మండి. రేపు పొద్దున మొదటి బస్సుకు నేను స్టాండులో ఉంటాను. మీ మందుల చీటీ పట్టుకుని రండి.