విప్పి చూడని మూత

మార్కండేయకు కోపం ముక్కు మీదే ఉంటుందని కామారెడ్డి స్టేషన్ రోడ్డులో అందరికీ తెలుసు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే మనిషికి అంత కోపమెందుకని కొత్తవాళ్ళు నోరెళ్ళబెడతారు. పాతవాళ్ళు మాత్రం, వాళ్ళమ్మను అడగండి చెబుతుంది అంటారు.

వాళ్ళమ్మ లక్ష్మీనర్సమ్మ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. మార్కండేయ ఎనిమిదేళ్ళవాడిగా ఉన్నప్పుడు ఒకరోజు ఆమె వెంట కార్ఖానకు పోయాడు. ఆమె పొద్దంతా చాట ఒళ్ళో పెట్టుకుని చుట్టిన కట్టల్ని, అక్కడ బీడీలు ఏరే ఆయన అరచేతిలో ఒక్కసారి ఎగరేసి చూసి, గుప్పెడు తీసి పక్కకు పడేశాడు. "ఇవి ఖరాబున్నయ్" అన్నాడు. ఒక్కటంటే ఒక్కటి విప్పి చూడలేదు. పడేసినవాటికి కూలి లేదు. పోనీ తిరిగి ఇచ్చారా అంటే అదీ లేదు. మంచి బీడీలతో పాటే అవీ బట్టీకెక్కి, కాగితం కట్టుకుని, బజారుకు పోయాయి. ఖరాబైనవి ఎట్లా అమ్ముడుపోయాయని అడిగే దిక్కు లేదు. ఆడమనిషి చెమటను దోచుకోవడానికి తుపాకులు అక్కర్లేదు, "ఖరాబ్" అన్న ఒక్క మాట చాలు. మంచిదాన్ని చెడ్డదనే నోరు పురుగులు పట్టిపోవాలని ఆ రోజు లక్ష్మీనర్సమ్మ దారి పొడుగునా తిట్టింది. కొడుకు ఆ తిట్టును మరిచిపోలేదు.

పెద్దయ్యాక అతనికి గడియారాల పిచ్చి పట్టింది. ఈ జిల్లాలో గల్ఫ్ మొహం చూడని వాడకట్టు లేదు. వచ్చినవాడి పెట్టె విప్పితే సబ్బులు, సెంటు సీసాలు, టాంగ్ డబ్బాలు, వాటి నడుమ బామ్మర్దికొక బరువైన స్విస్ గడియారం. అది స్విస్ గడియారం కాదని తెచ్చినవాడికీ తెలుసు, కట్టుకున్నవాడికీ తెలుసు. పెళ్ళిలో చొక్కా చెయ్యి మడిచేటప్పుడు మాత్రం ఇద్దరూ మరిచిపోతారు. మార్కండేయకు అలాంటివంటే ప్రాణం. డయల్ మీద అక్షరాల అంచులు చూసి, వేలితో చైను తడిమి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది ఎంత బాగా చేసిన నకలో చెప్పగలడు. చెప్పి ఊరుకోడు. వంకరగా పడే తారీఖు సరిచేస్తాడు. మరీ మెరిసిపోయే చైను మెరుపును సన్నటి గరుకు కాగితంతో చంపుతాడు. డయల్ మీది రేడియం చుక్కలకు టీ డికాక్షన్ పట్టించి ముప్పై ఏళ్ళ పాతదనం తెస్తాడు. దానికి పైసా తీసుకోడు. "వంద గడియారాలున్న ఇల్లు, అన్నం టైముకు మాత్రం ఒక్కటి మోగదు" అని భార్య కళ్యాణి నవ్వుతుంది.

ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాడు. తన చెయ్యి పడిన ప్రతి గడియారానికీ వెనుక మూత లోపల సూదితో "నకలు" అని గీస్తాడు. పక్కనే మొబైల్ దుకాణం నడిపే బాలరాజు ఒకసారి, "అన్నా, గీత గియ్యకు, గిరాకి ఉన్నది" అన్నాడు. మార్కండేయ చేతిలో ఉన్న చిన్న స్క్రూడ్రైవర్ బల్ల మీద కొట్టాడు. "నకల్ది నకలని చెప్పి కట్టుకుంటే షోకు. అసలని చెప్పి అమ్మితే దొంగతనం. నీ షోకేందో నీ దొంగతనమేందో తెలుసుకోని రా పో!" అని వీధి వినేలా అరిచాడు. ఆ అరుపు అతనికి మంచి పేరే తెచ్చింది. మార్కండేయ నోట అబద్ధం రాదని, అతను నకలంటే నకలేనని ఎల్లారెడ్డి దాకా పాకింది. పేరు తలకెక్కితే దించేవాడుండడు.

దుకాణం తరఫున నెలకొకసారి అంగడి రోజున అతను కళ్ళద్దాలిచ్చి రావడానికి ఎల్లారెడ్డి పోతాడు. పని అయ్యాక బస్టాండు ముందర శేఖర్ టీ హోటల్లో కూర్చుంటే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చేతులు చాపి గడియారాలు చూపిస్తారు. మొన్న ఎండాకాలంలో అట్లాగే పదిమంది మూగి ఉన్నప్పుడు తిరుపతి వచ్చాడు. పదకొండేళ్ళు మస్కట్‌లో ఒక ముసలాయన ఇంట్లో పనిచేసి, నడుము పడిపోయి తిరిగొచ్చిన మనిషి. మంచం మీది ఆ ముసలాయనను ఎత్తి, దించి, కడిగి, తినిపించినవాడు తిరుపతే. వచ్చే రోజు ఆయన తన చేతి గడియారం విప్పి తిరుపతి చేతికి కట్టాడట. తిరుపతి సంపాదించుకొచ్చింది పెద్దగా ఏమీ లేదు. చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది. ఊళ్ళో కొందరు అది డూప్లికేట్ అని ఆట పట్టిస్తుంటే, తేల్చుకుందామని వచ్చాడు.

మార్కండేయ జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. చుక్కల రేడియం పాతబడి పసుపెక్కి ఉంది. ముళ్ళ మీద రేడియం తెల్లగా, కొత్తగా ఉంది. చుక్కలు ముసలివి, ముళ్ళు పడుచువి. చూడగానే నవ్వొచ్చింది. ఎవడో తనలాంటివాడే కూర్చుని చుక్కలకు డికాక్షన్ పట్టించి, ముళ్ళను మరిచిపోయాడు. పైగా శేఖర్ గోడ గడియారంలో పదకొండున్నర అయితే ఇందులో పది.

"నకలే" అన్నాడు. "చేసినోనికి పనితనం తక్వ. టైం గూడ సక్కగ నడుస్తలేదు, గంటన్నర ఎనుకకున్నది."

"గది గట్ల కాదన్నా, టైం నేనే..." అని తిరుపతి ఏదో చెప్పబోయాడు.

"నువ్వు చెప్పుడేంది తిరుపతన్నా, చూసేటోన్ని నేను" అని మార్కండేయ గడియారం వెనక్కిచ్చేశాడు. మూత విప్పే పనిముట్టు కామారెడ్డిలో ఉంది. దాని అవసరం ఉందని కూడా అతనికి తోచలేదు. పదిమందీ నవ్వారు. తిరుపతి గడియారం చేతికి కట్టుకోకుండా లాగు జేబులో వేసుకుని, తాగని టీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం తిరుపతి భార్య భూదేవి కళ్ళు చూపించుకోవడానికి కామారెడ్డి వచ్చి, కొంగుముడి విప్పి అదే గడియారం బల్ల మీద పెట్టింది. "ఆయన పెట్టుకుంటనే లేడు తమ్మీ. ఆగిపోయింది. నకల్దే గదా, గింత సెల్లు మార్చియ్యి, పొలం కాడ నేనన్న టైం చూసుకుంట" అని చెప్పి, మందుల దుకాణానికి పోయింది.

సెల్లు మార్చడానికి మార్కండేయ మూత విప్పాడు. లోపల సెల్లు లేదు. చేతి కదలికకు తిరిగే పాతకాలపు మిషన్ ఉంది. భూతద్దం పెట్టుకుని వంగాడు. మిషన్ మీద కంపెనీ పేరు, నంబరు, ఒక్కొక్క చక్రం అంచు అద్దంలా చెక్కిన తీరు చూశాడు. నకలు కాదు, అసలైనదే. ఇన్నేళ్ళలో ఇట్లాంటిది చేతికి రావడం మూడోసారి. మూత లోపల సూదితో గీసిన గీతలున్నాయి, తను గీసే చోటే. కానీ అవి తారీఖులు. ఎప్పుడెప్పుడో బాగుచేసినవాళ్ళు గీసుకున్న తారీఖులు. చివరి తారీఖు పక్కన ముళ్ళ బొమ్మ చిన్నగా గీసి ఉంది. పాడైన ముళ్ళు తీసి కంపెనీవే కొత్తవి వేశారన్నమాట. అంతే జరిగింది. గడియారం చెడిపోలేదు. కట్టుకున్న చెయ్యి లేక ఆగింది. కట్టుకోకుండా చేసింది ఎవరో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

భుజం మీదుగా తొంగి చూస్తున్న బాలరాజు గుటక మింగాడు. "అన్నా, గిది అసల్దే గదా! ఆమెకేం ఎరుక? ఒక కొత్తది చేతుల పెట్టి పంపియ్యి. నకలని నువ్వే అంటివి. నీ మాటకు ఎదురు చెప్పేటోడెవడు?"

మార్కండేయ అతని చొక్కా పట్టుకుని గుమ్మం దాటించాడు. కానీ ఈసారి కోపం బాలరాజు మీద నిలవలేదు. తన మాటకు ఎదురు చెప్పేవాడు లేడన్నది నిజం. కార్ఖానలో బీడీలు ఏరే ఆయన మాటకూ ఎవరూ ఎదురు చెప్పలేదు.

గడియారం జేబులో వేసుకుని, వెనుక గల్లీలోని ఇంటికి పోయి తల్లికి చెప్పాడు. లక్ష్మీనర్సమ్మ చూపు తగ్గింది గాని చెవులు పాము చెవులు. అంతా విని ఒక్కటే అడిగింది.

"విప్పి చూసినవా బిడ్డా, గా దినం?"

"లే అవ్వా."

"గాయన గూడ చూడలే" అంది. తిట్టినా బాగుండేది. నలభై ఏళ్ళుగా ఆ మనిషిని తిడుతున్న నోరు, తన కొడుకు దగ్గరికి వచ్చేసరికి మూతపడింది. కళ్యాణి వడ్డించిన కంచం ముందు నుంచి మార్కండేయ తినకుండానే లేచాడు.

మందులు తీసుకుని దుకాణానికి తిరిగొచ్చిన భూదేవికి సంగతి చెప్పాడు. ఆమె మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. "నాకు చెప్తే ఏమొస్తది? పదిమందిల నవ్వులపాల్జేస్తివి. ఆ పదిమందిలనే చెప్పు, నడు" అంది. మొగుడికి ఫోన్ చేసి శేఖర్ హోటల్‌కు రమ్మంది. ఇద్దరూ బస్సెక్కారు. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. తాడ్వాయి దాటాక మాత్రం ఒకమాట అంది: "ఆయన ఇంట్ల మాట్లాడుడు బంద్ జేసిండు తమ్మీ."

హోటల్లో ఆనాడు నవ్విన పదిమందిలో నలుగురైదుగురే ఉన్నారు. తిరుపతి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మార్కండేయ నిలబడే చెప్పాడు. "మొన్న నేను నకలన్న గడియారం అసల్ది. నేను మూత విప్పలే. విప్పకుండనే తీర్పు చెప్పిన. తప్పు తిరుపతన్నది గాదు, ఇచ్చినాయనది గాదు. నాది."

"అయితే ఎన్ని లక్షలైతది?" అన్నాడొకడు.

"నోర్ముయ్!" అని మార్కండేయ అరిచేసరికి శేఖర్ చేతిలో టీ తొణికింది. అంతసేపూ అణచుకున్నదంతా ఆ ఒక్క మాటలో బయటికి వచ్చింది. రెండు నెలల కింద పెళ్ళున నవ్వినవాడూ వాడే.

తిరుపతి లేచి వచ్చాడు. గడియారం అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో అద్దం తుడిచాడు.

"నువ్వు నకలన్నంక నాకు బాబా మీద కోపమొచ్చింది" అన్నాడు మెల్లగా. ముసలాయనను అతను అట్లాగే పిలుస్తాడు. "పదకొండేండ్లు ఎత్తి దించిన మనిషికి ఉత్తదిచ్చి మురిపిచ్చిండు అనుకున్న. మూడుసార్లు ఫోన్ చేసిండు. నేను ఎత్తలే. పోయిన శుక్రవారం సచ్చిపోయిండట. మనవడు మెసేజ్ పెట్టిండు. ఆఖరికి గూడ నన్నే అడిగిండట."

మార్కండేయ క్షమించమనబోయాడు.

"నువ్వు మూత విప్పలే, నేను ఫోన్ ఎత్తలే" అన్నాడు తిరుపతి. "నీ తప్పు నువ్వొచ్చి చెప్పుకున్నవ్. నేనెవనికి చెప్పుకోవాలె?"

గడియారం ముందుకు చాపి అడిగాడు. "టైం ఎంత పెట్టినవ్?"

"మన టైమే అన్నా. ఐదు."

"గంటన్నర ఎనుకకు తిప్పు. గా దినం చెప్తనంటే నువ్వు ఇనలే. గది మస్కట్ టైం. బాబా చేతికి ఎట్లుండెనో గట్లనే ఉంచుకున్న."

మార్కండేయ తల దించుకున్నాడు. గల్ఫ్ నుంచి వచ్చిన గడియారాలు వందలు చూసినవాడు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. గడియారం పక్కనున్న పిడి బయటికి లాగి, ముళ్ళు వెనక్కి తిప్పి, మూడున్నర దగ్గర ఆపి, రెండు చేతులతో అందించాడు. తిరుపతి దాన్ని ఎడమ చేతికి కట్టుకుని చూశాడు.

"గిప్పుడు బాబాను లేపి, కాళ్ళుచేతులు కడిగి, నమాజుకు కూసోబెట్టేటోన్ని" అన్నాడు.