గోడ అవతలి ఏడుపుకు నేను వెతికిన మాట

మా చిన్నప్పుడు... గోడ అవతల పాల మల్లేశం పెళ్ళాన్ని కొట్టడం మొదలుపెడితే, మా అమ్మ బియ్యం చెరగడం ఆపి, చాట పక్కన పెట్టి, చెవి గోడకు ఆనించేది.

దబీర్‌పురా స్టేషన్ వెనక సందు మాది. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. మల్లేశం పెళ్ళాం యాదమ్మత్త గొంతెత్తి ఏడ్చినంతసేపూ ఎవరూ పోయేవారు కాదు. నడుమ పోతే, అందరూ వెళ్ళాక ఆమెకు రెండింతల దెబ్బలు పడతాయి... ఆ కట్టుబాటు పెట్టింది ఆమే.

"నేను మొత్తుకుంటున్ననంటె పానం ఉన్నట్టే వదినా. గొంతు సన్నగైతె మాత్రం ఉరికి రా," అనేది అమ్మతో, నవ్వుతూనే.

గొంతు సన్నబడగానే సందులోని ఆడవాళ్ళంతా బిందెలు, పళ్ళాలు వాయిస్తూ ఆ గడప ముందు నిలబడేవారు. సందంతా వాడి పాలే పోయించుకునేది మరి... ఆ చప్పుడుకు సిగ్గుపడి ఆగేవాడు.

నేను ఆరో తరగతి. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ సందు చివర నల్లా దగ్గరికి పోతూ, "చెవి ఇటే పెట్టు బిడ్డా," అంది. నేను హోంవర్కు ముందేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏడుపుకు ఇంగ్లీషులో నాలుగు మాటలు, ఒక్కోదానికి ఒక వాక్యం. అర్థాలు టీచరమ్మ చెప్పే పంపింది. వెయిల్ అంటే శోకాలు పెట్టడం. సాబ్ అంటే వెక్కి వెక్కి ఏడవడం. వీప్ అంటే చప్పుడు చేయకుండా కన్నీళ్ళు కార్చడం. విమ్పర్ అంటే దెబ్బ తిన్న కుక్కపిల్లలా సన్నగా మూలగడం.

అప్పుడే అవతల మొదలైంది. బర్రెను కట్టే తాడు గాల్లో లేచిన చప్పుడు... వెంటనే ఆమె కేక.

వెయిల్, అనుకున్నాను. రాశాను.

కాసేపటికి కేకలు వెక్కిళ్ళయ్యాయి. సాబ్. అదీ రాశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ... సంతోషమేసింది. బడిలో తప్ప ఎక్కడా పనికిరాని ఇంగ్లీషు మొదటిసారి మా ఇంటిదాకా వచ్చింది.

ఇంతలో తల గోడకు కొట్టుకున్న చప్పుడు. ఆ అదురు నా భుజానికి తెలిసింది. ఆమె గొంతు సన్నబడింది.

లేవాలి. కానీ దీన్ని వీప్ అనాలా, విమ్పర్ అనాలా? ఒకటి రాసి కొట్టేశాను. ఇంకొకటి రాశాను. వాక్యం పూర్తయ్యేసరికి అవతల ఏ చప్పుడూ లేదు.

దానికి నా పుస్తకంలో మాట లేదు. అమ్మ కోసం నల్లా దగ్గరికి ఉరికాను.

ఆ రోజు ఆడవాళ్ళు గడప దగ్గర ఆగలేదు. తలుపు తోసుకుని వెళ్ళారు.

"నా పెండ్లాం, నా ఇష్టం. మీకేంది లొల్లి?" అన్నాడు మల్లేశం. తాడు ఇంకా చేతిలోనే ఉంది.

"బర్రెకు దెబ్బ తగిల్తె పాలియ్యదని ముద్దు జేస్తవ్. ఆడదాని మీదనారా నీ మొగతనం?" అంటూ అమ్మ ఖాళీ బిందెతో వాడి మొహాన కొట్టింది. పన్ను ఊడి కింద పడింది.

యాదమ్మత్త గోడవార పడి ఉంది. ఎడమ చెవిలోంచి రక్తం మెడ దాకా కారుతోంది.

"గొంతు ఎప్పటి సంది తగ్గింది?" అమ్మ నన్నడిగింది.

"ఇప్పుడే అమ్మా," అన్నాను.

ఆ చెవి మళ్ళీ వినలేదు. నా హోంవర్కు మీద టీచరమ్మ ఎర్ర ఇంకుతో 'గుడ్' అని రాసింది.

తర్వాత నేనేం చెప్పబోయినా యాదమ్మత్త, "ఇటు దిక్కు వచ్చి చెప్పు బిడ్డా," అని కుడి చెవి చూపించేది. చెప్పాల్సింది ఒక్కటే... అది ఏ దిక్కు నుంచీ చెప్పలేదు.

మొదటి దెబ్బకే ఆ చెవి పోయిందేమో. నేను ఆగింది అరనిమిషమేనేమో. ఇన్నేళ్ళయినా తేల్చుకోలేను.

ఇప్పుడు మా ఫ్లాటు గోడలు మందం. అవతల ఎవరు ఏడ్చినా వినబడదు... వినబడినా టీవీ అనుకుంటాం. ఏడుపుకు ఇప్పుడు నాకు ఇరవై మాటలు వచ్చు.

మీ సందులో గొంతు సన్నబడితే మొదట ఎవరు లేచేవారు? వాళ్ళ గురించి రాయండి... ఆలస్యంగా లేచినవాళ్ళు కూడా రాయండి.