పిడి వదిలిన చెయ్యి

గడ్డి కోసే మిషను నా వేళ్ళు తీసేసిందని మా వాళ్ళంతా అంటారు. మిషనుకేం తెలుసండీ పాపం. చక్రం తిరిగితే కత్తి తిరుగుతుంది, చక్రం ఆగితే కత్తి ఆగుతుంది. అంతకుమించి దానికి బుద్ధి లేదు. బుద్ధున్న మనుషులు చేసిన పనిది. ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకుని ఊరుకున్నాను. ఇంక ఊరుకోను.

ముప్పైల నాటి మాట. ఏలూరులో కాలవ పక్కన ఒక దొరగారి బంగళాలో తోటపని చేసేవాణ్ణి. మాది పెదపాడు పక్క పల్లె. ఆదివారం గుడికెళ్ళే క్రైస్తవులం. బంగళా ముందు దొరగారు టెన్నిస్ ఆడుకునే పచ్చిక ఉండేది. నలుగురం గొంతుక్కూర్చుని దాన్ని కొడవళ్ళతో కోసేవాళ్ళం. సాయంత్రానికి నడుములు పట్టుకుపోయేవి. ఒకరోజు రైల్లో చెక్కపెట్టె దిగింది. విప్పితే మిషను. దానికి కరెంటూ అక్కర్లేదు, ఇంజనూ లేదు. రెండు చక్రాల మధ్య వంకర కత్తులు అయిదు, వాటి కింద అడ్డంగా ఒక బద్దకత్తి. పిడి పట్టుకుని ముందుకి తోస్తే కత్తులు గిరగిరా తిరిగి గడ్డిని కింది బద్దకేసి కత్తిరించేస్తాయి. అది వచ్చాక నలుగురితో పని లేకపోయింది. ఇద్దరికి సెలవు చెప్పేశారు. మూడోవాడు ముసలాయన, తనే మానేశాడు. మిషను నాకప్పజెప్పారు.

అప్పజెప్పినరోజు దొరగారు తనకొచ్చిన తెలుగులో నెమ్మదిగా చెప్పారు. గడ్డి తడిగా ఉన్నప్పుడు కొయ్యకూడదు. తోసేముందు నేలంతా చూసి రాళ్ళూ పుల్లలూ ఏరెయ్యాలి. పని అయ్యాక కత్తులు గుడ్డతో తుడిచి కిరసనాయిలు రాయాలి, ఇరుసుల్లో రెండేసి చుక్కలు మిషను నూనె వెయ్యాలి. వారానికోసారి ఒక కాయితం ముక్క కత్తుల మధ్య పెట్టి చూడాలి. ఈ చివర్నించి ఆ చివరిదాకా కాయితం తెగితే సరే, ఎక్కడైనా నలిగితే పక్కనున్న మర బిగించాలి. కత్తుల్లో ఏదన్నా ఇరుక్కుంటే కర్రతో తియ్యాలి. కర్రకి రాకపోతే రెండు చక్రాల ముందూ ఇటికలు పెట్టి, ఒక మనిషి పిడి పట్టుకుంటేనే చెయ్యి పెట్టాలి. ఆఖర్న ఒక మాటన్నారు. "ఈ నియమం తప్పి మనిషికి దెబ్బ తగిలితే, తప్పు ఎవరిదైతే వాడు మర్నాడు ఇక్కడ ఉండడు." ఆ మాట నాకు బాగా నచ్చింది. నా పని మీద నాకంత నమ్మకం. జాగ్రత్తపరుడని లైను లైనంతా చెప్పుకునేవారు నన్ను. లైనంటే బంగళా వెనక పనివాళ్ళ గదులు. అందులో ఒకటి నాది.

ఆ మిషనుకి అసలు శత్రువు రాయి కాదండీ, నత్తగుల్ల. పచ్చిక వేసేముందు గుంటలు పూడ్చడానికి కొల్లేటి మట్టి బండ్లకి బండ్లు తోలించారట. వాన పడ్డప్పుడల్లా ఆ మట్టిలోంచి గుల్లలు పైకి తేలేవి. పొద్దున్నే బుట్ట పట్టుకుని అవి ఏరుకోవడమే సగం పని.

ఆ రోజుల్లోనే మా అక్క, బావ, ముగ్గురు పిల్లలూ మూట నెత్తిన పెట్టుకుని దెందులూరు నుంచి వచ్చారు. కౌలుకి చేసిన పొలాన్ని ఆసామి వేరేవాళ్ళకి ఇచ్చేశాడట. అక్క నన్ను పెంచింది. అమ్మ పోయాక ఆవిడే నాకు అమ్మ. నేను దొరగారి కాళ్ళావేళ్ళా పడి బావని రెండో మనిషిగా పెట్టించాను. నా గది వాళ్ళకిచ్చేసి మిషను పెట్టే షెడ్డు అరుగు మీద పడుకున్నాను. మిషను పని మొత్తం నేనే నేర్పాను బావకి. కాయితం తెగడం చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు. మంచివాడే అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

ముసురు పట్టి వదిలిన మర్నాడు గడ్డి ఆరింది కదా అని తోశాం. అడుగున ఇంకా చెమ్మగానే ఉంది. గడ్డి ముద్దలు ముద్దలుగా పట్టేసింది. దాని మధ్యలో ఓ గుల్ల అడ్డం పడి కత్తులు బిగుసుకుపోయాయి. మిషనుని షెడ్డు ముందు ఏటవాలు బండ మీదకి తెచ్చాం, కడిగితే నీళ్ళు జారిపోతాయని ఎప్పుడూ అక్కడే శుభ్రం చేసేవాళ్ళం. కర్రతో పొడిచాను, గుల్ల రాలేదు. ఇటికల కోసం లేచాను.

పిడి పట్టుకుని నిలబడ్డ బావ నవ్వాడు. "ఏవోయ్, నేను పట్టుకోగా ఇటికెందుకు? మీ అక్కని నా చేతిలో పెట్టారు గానీ ఈ చక్రం పెట్టరా?"

పది అడుగుల దూరంలో పంపు దగ్గర గిన్నెలు తోముతున్న మా అక్క కూడా నవ్వింది. నాకు సిగ్గేసింది. ఇంటల్లుడు నేను పట్టుకుంటానంటుంటే మధ్యలో ఇటిక పెట్టడమంటే ఆయన్ని నమ్మలేదని మొహమ్మీద అన్నట్టే కదండీ మా వైపు. ఇటిక వదిలేశాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. "గట్టిగా పట్టుకోండి బావా, చెయ్యి పెడుతున్నాను" అన్నాను. "పెట్టవోయ్, పట్టుకున్నాను" అన్నాడు.

కుడిచెయ్యి కత్తుల మధ్యకి పోనిచ్చి గుల్ల కదిలిస్తున్నాను. అది విరిగింది, కత్తులు వదులయ్యాయి. సరిగ్గా అప్పుడే కంచె అవతల దారిన మా ఉపదేశిగారు సైకిలు మీద వెళుతున్నారు. గుళ్ళో వాక్యం చెప్పే పెద్దమనిషి. ఆయనకి ఒంటిచేత్తో సలాం కొట్టేవాడు మాలో ఎవడూ లేడు. రెండు చేతులూ జోడించి వందనాలండీ అనాలి. బావ అదే చేశాడు. రెండు చేతులూ జోడించాడు. మిషను బండ మీద జానెడు జారింది, అంతే. నా చూపుడువేలూ మధ్యవేలూ పోయాయి.

నా కేక విని దొరగారు వచ్చారు. గుడ్డ చుడుతూనే అడిగారు, పిడి ఎవరు పట్టుకున్నారని. బావ అన్నాడు, "నేను అయ్యగారికి వందనం చెబుతున్నానండీ. నాతో ఒక్క మాటన్నా చెప్పకుండా చెయ్యి పెట్టేశాడండీ."

నొప్పి మర్చిపోయి వాడి మొహం చూశాను. వాడనే అంటాను, మర్యాదా గిర్యాదా ఇంక లేదు. దొరగారు అక్క వైపు తిరిగారు. "నీవు చూశావా?" నాకు ధైర్యమొచ్చింది. అక్క ఉందిగా. మా మాటలు రెండూ ఆవిడ చెవిన పడ్డాయిగా.

"గిన్నెలు తోముకుంటున్నానండీ. చూడలేదండీ" అంది.

వేళ్ళు తెగినప్పుడు అంత నొప్పి లేదు నాకు.

ఆసుపత్రిలో ఉండగా రోజూ అన్నం తెచ్చేది. కుడిచేతికి కట్టు కదా, తనే కలిపి ముద్దలు నోట్లో పెట్టేది, చిన్నప్పట్లాగే. మూడోరోజు అడిగాను.

"చూశావు కదక్కా?"

"చూశాను." కలుపుతున్న చెయ్యి ఆపలేదు. "నిజం చెప్తే మీ బావ పని పోతుంది, గది పోతుంది. ముగ్గురు పిల్లల్ని రోడ్డు మీద పెట్టుకుని ఎక్కడికెళ్ళను రా? నువ్వు ఒక్కడివి. ఎలాగైనా బతుకుతావు."

"రెండు వేళ్ళు లేకుండానా?"

"ఇంకా ఎనిమిదున్నాయిగా" అంది. హేళనకి అనలేదండీ. నన్ను ఓదార్చడానికే అంది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. ముద్ద నోటి దగ్గరకి తెచ్చింది, తిన్నాను. ఎందుకు తిన్నానో నాకిప్పటికీ తెలీదు.

మర్నాడు దొరగారే స్వయంగా వచ్చారు. ఆయనకి అనుమానం ఉన్నట్టుంది. మంచం పక్కన కూర్చుని మళ్ళీ అడిగారు. "నిజం చెప్పు. నీవు చెయ్యి పెట్టినప్పుడు పిడి ఎవరైనా పట్టుకున్నారా?" ఒక్క మాట చాలు, నా పనీ, నా గదీ, నా పేరూ నాకు తిరిగొచ్చేవి. అక్క గుమ్మం దగ్గర కేరియర్ పట్టుకుని నిలబడింది. చిన్నదాన్ని చంకనేసుకుని వచ్చింది ఆ రోజు. ఎందుకు తెచ్చిందో నాకు తెలుసు.

"ఎవరూ లేరండీ. నేనే తొందరపడ్డాను" అన్నాను.

దొరగారు అన్నమాట మీద నిలబడ్డారు, నన్ను పనిలోంచి తీసేశారు. నేను తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో ఊక ఎత్తే పనిలో కుదిరాను. ఎడంచేత్తో పార పట్టడం అలవాటు చేసుకున్నాను. మూడేళ్ళు ఏలూరు మొహం చూడలేదు. అక్కకి నాలుగో కాన్పయిందని కబురొస్తే మనసుండబట్టలేక వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి బావ షెడ్డు ముందు ఇద్దరు కొత్త మనుషులకి మిషను పని నేర్పుతున్నాడు. నేను చెప్పిన మాటలే, నేను చెప్పిన వరసలోనే. "పక్కవాడితో చెప్పకుండా చెయ్యి పెట్టారో, అయిపోయారే. మా బావమరిది అలాగే పెట్టాడు" అంటున్నాడు. నన్ను చూశాడు. తడబడతాడనుకున్నాను. తడబడలేదు సరిగదా, మొహం విప్పారింది. "ఇదిగో, మాటల్లోనే వచ్చాడు. ఏదోయ్, ఆ చెయ్యి ఒకసారి చూపించు వీళ్ళకి."

గది గుమ్మంలో అక్క పసిదాన్నెత్తుకుని నిలబడి ఉంది. ఆవిడ కేసి చూశాను. ఊరుకోండి అంటుంది మొగుణ్ణి, కనీసం తల దించుకుంటుంది అనుకున్నాను.

"చూపించు తమ్ముడూ. తొందరపడితే ఏమవుతుందో వాళ్ళకైనా తెలుస్తుంది" అంది.

చూపించాను. వాళ్ళిద్దరూ వంగి చూశారు. నేను మాత్రం అక్క మొహమే చూస్తున్నాను. అందులో బెదురు లేదు, దాపరికం లేదు. నా మీద జాలి ఉంది. అజాగ్రత్తగా పని చేసి చెయ్యి పోగొట్టుకున్న తమ్ముడి మీద ఉండాల్సిన జాలి. అప్పటికి మా అక్క అదే నిజమని నమ్మేసిందండీ.