నాయిన లొట్టిలో పోసిన నీరా

అమీర్‌పేటలో రోజుకు ఆరు గంటలు తెల్లబోర్డు ముందు నిలబడి జావా చెప్పే నాకు, మా ఇంట్లో ఈత చెట్లు గీసి కల్లు దించుతారన్న ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం నోరు వచ్చేది కాదు. ఏ గోడ చూసినా కోర్సుల కాగితాలే అంటించి ఉన్న కాలం అది. ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరైనా మావాళ్లు ఏం చేస్తారని అడిగితే "బెవరేజెస్" అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ బెవరేజెస్ మొత్తం మా అన్న మోకాళ్ల మీద నడిచేది. బోరబండ నుంచి తెల్లవారకముందే మోపెడ్ మీద ఊరి బయటి ఈతవనానికి పోయి చెట్లెక్కేవాడు. యాభై దాటాక దిగడం కష్టమైంది. దిగిన తర్వాత కాసేపు చెట్టు మొదలు పట్టుకుని నిలబడేవాడు. తెలియనివాళ్లు చూస్తే చెట్టుకు ఏదో నచ్చజెబుతున్నాడని అనుకుంటారు.

ప్రభుత్వం నీరాకు కొత్తగా అనుమతులిస్తున్న ఆ ఏడు, పంజాగుట్టలో ఒక ఖాళీ స్థలంలో నీరా మేళా పెట్టారు. నీరా అంటే ఇంకా కల్లు కాని తియ్యటి నీళ్లు. కొత్త మట్టికుండకు, అదే లొట్టికి, లోపల సున్నం పూసి చెట్టుకు కట్టి, ఎండ రాకముందే దించి, మంచులో పెట్టాలి. అప్పుడే అది నీరా. కొంచెం అశ్రద్ధ చేస్తే కల్లయిపోతుంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి గీత కుటుంబాలు వచ్చి స్టాళ్లు పెడతాయి, ఎవరి నీరా బాగుంటే వాళ్లకు సిటీలో శాశ్వతంగా ఒక కౌంటర్ ఇస్తారు.

"కౌంటరొస్తే చెట్లు వేరేటోళ్లెక్కుతరు. నేను కుర్సీల కూసోని పోస్త. కూసునుడు, తమ్మీ!" అన్నాడు అన్న. జీవితంలో ఆయన అంత పెద్ద కోరిక కోరడం నేను వినలేదు. వదిన అప్పటికే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొని, దుమ్ము పడకుండా కవరు కూడా తీయకుండా ఉంచింది.

స్టాల్ సంగతి నేను చూసుకుంటానన్నాను. ఫ్లెక్సీ కొట్టించాను, ల్యాప్‌టాప్‌లో పదకొండు స్లైడ్లు చేశాను. అన్నకు నా పాత ఆఫీసు చొక్కా తొడిగించాను. బొత్తాలు ఊపిరి బిగబడితే తప్ప పట్టలేదు.

"గిదేందయ్యా, పెండ్లి పిలగాన్ని జేసినవా, ఇన్సూరెన్స్ ఏజెంట్‌ను జేసినవా?" అంది వదిన.

"అన్నా, నువ్వు మాట్లాడకు. నేను చెప్తా."

"మరి నేనేం జెయ్యాలె?"

"నవ్వు."

అన్న నవ్వాడు. చొక్కా బిగుతుకు అది కడుపునొప్పిలా వచ్చింది.

అలంకారానికి, చనిపోయిన మా నాయిన కల్లు దించిన లొట్టి తెచ్చాం. ముప్పై ఏళ్లు కల్లు తాగీ తాగీ నల్లబడిన మట్టికుండ. అన్న దాన్ని బల్ల మీద పెట్టి, "చూపెట్టనీకె తెచ్చిన. ఇండ్ల చుక్క సుత పొయ్యొద్దు" అన్నాడు. నేను బల్ల కింద ఛార్జర్ వైరు వెతుక్కుంటూ "ఆఁ ఆఁ" అన్నాను.

నీరా రెండు స్టీలు క్యాన్లలో, మంచులో ఉంది. తొమ్మిదింటికే మంచు సగం కరిగింది. రుచి చూసి కౌంటర్ ఎవరికో తేల్చే కమిటీ వచ్చేది మధ్యాహ్నం. అన్నా వదినా మోపెడ్ మీద ఖైరతాబాద్ వైపు మంచు కోసం పోయారు.

నేను స్టాల్‌ను దూరం నుంచి చూశాను. స్టీలు క్యాన్ పెట్టుకుని పాలబూత్‌లా ఉంది. పదకొండు స్లైడ్లకు ఈ క్యాన్ తగదనిపించింది. ఒక క్యాన్ మొత్తం నాయిన లొట్టిలో పోసి, మూతికి ఈతాకు చుట్టి, ఎండ బాగా పడేచోట పెట్టి ఫొటో తీశాను. ఫొటో చాలా బాగా వచ్చింది.

మొదటి గంట ఎవరూ రాలేదు. తర్వాత మెల్లగా వరస కట్టారు. ఒక ముసలాయన మూడుసార్లు వచ్చాడు.

"బిడ్డా, పక్క స్టాల్ల చక్కెర నీళ్లున్నయి. అసలు మాల్ నీ దగ్గర్నే ఉన్నది. నంజుకోను జర ఉప్పు శనగలు లేవా?"

కస్టమర్ అభిప్రాయం కదా అని, ఫోన్లో "స్నాక్ కాంబో" అని రాసుకున్నాను. ఈ రద్దీ అంతా నా స్లైడ్ల ఫలితమేనని నిజంగా నమ్మాను. లొట్టి అంచున నురగ కనిపిస్తే కూడా తాజాదనం అనుకున్నాను. కల్లు గీసే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఒక్క గ్లాసు రుచి చూడలేదు.

ట్రాఫిక్‌లో ఇరుక్కున్న అన్న, మంచు బస్తా భుజాన వేసుకుని తిరిగి వచ్చేసరికి నా స్టూడెంట్ ఒకడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"సార్! మీరిక్కడ?"

"కన్సల్టింగ్," అన్నాను.

"ఈయనెవరు సార్?"

"వెండర్."

అన్న విన్నాడు. బస్తా దించి, చొక్కా సర్దుకుని, నా వైపు తిరిగి, "మంచు తెచ్చిన సార్. యాడ వెట్టాలె?" అన్నాడు.

అప్పుడే ఆయన చూపు లొట్టి మీద పడింది. దగ్గరికి పోయి వాసన చూశాడు. "నాయినొచ్చిండు" అన్నాడు మెల్లగా.

కమిటీ మా ముందుకు వచ్చి ఆగింది. పెద్ద మేడం కోస్తా ఆవిడ. "ఏంటండీ, అందరూ మీ దగ్గరే ఉన్నారు?" అంటూ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు. ముఖం మారింది. పులుపు తేల్చే చిన్న కాగితం ముంచి రంగు చూశారు.

"ఇది కల్లండీ. ఈ కుండలో ఎవరు పోశారు?"

"నేను. ఆయన లేడు" అంటే చాలు. రెండే ముక్కలు. పక్కన స్టూడెంట్ నిలబడి ఉన్నాడు. ఆరు గంటలు ఆగకుండా వాగే నా నోరు తెరుచుకోలేదు.

"నేనే పోసిన మేడం," అన్నాడు అన్న. "ఇంకో క్యాన్ మంచుల మంచిగున్నది. జర అది చూడున్రి."

"పోసిన చెయ్యి అదే కదండీ. ఎలా నమ్మమంటారు?" అని మా స్టాల్ పేరు కొట్టేశారు.

"మేడం! ఫస్ట్ ప్రైజ్ గీనకే ఇయ్యాలె!" అని ముసలాయన వెనక నుంచి గ్లాసు పైకెత్తి అరిచాడు. అది మాకు ఏమాత్రం సాయం చేయలేదు.

సామాను సర్దుతుంటే వదిన, "పొద్దటిసంది నీ నోరు ఆగలే. గప్పుడు యాడవోయిందయ్యా?" అంది. అన్న చొక్కా విప్పి మడతపెట్టి నా చేతికిచ్చాడు.

సోమవారం కమిటీ ఆఫీసుకు పోయి మేడంకు జరిగింది చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. "ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే రెండో క్యాన్ చూసేవాళ్లమండీ. జాబితా వెళ్లిపోయింది" అన్నారు. తప్పు లొట్టిలో పోయడం కాదని నాకు అప్పటికే తెలుసు. ఆవిడ నోట విన్నాక ఇంక తప్పించుకునే దారి లేదు.

ఆ సాయంత్రం క్లాసులో బోర్డు తుడిచి చెప్పాను. మేళాలో నేను వెండర్ అన్నది మా అన్ననే, మాది కల్లు గీసే ఇల్లు అని. ఆ స్టూడెంటే చెయ్యెత్తి, "సార్, డెమో క్లాస్ ఉంటదా?" అన్నాడు.

అప్పటి నుంచి ఆదివారాలు వనానికి పోతున్నాను. మోపెడ్ వెనక కుర్చీ కట్టుకుని పోతాం. దాని కవరు వదిన తనే చించేసింది. అన్న పైన గీస్తుంటే నేను కింద ఆ కుర్చీలో కూర్చుని కొత్త లొట్లకు సున్నం పూస్తాను. వేళ్లు పగిలి, సోమవారం మార్కర్ పట్టుకుంటే మండుతాయి.

మొన్న చెట్టు మీంచే అరిచాడు. "లే తమ్మీ! నేను దిగుతున్న. కుర్సీ నాది!"

లేచాను. దిగి, మొదలు పట్టుకుని నిలబడి, తర్వాత వచ్చి మెల్లగా కూర్చున్నాడు. కాళ్లు బారజాపి, నా వైపు చెయ్యి చాపాడు.

"వెండర్ సార్, నీళ్లియ్యి."